అక్క గొంతుకు సెలవిచ్చిన నెల

నేను తిరుపతికి కాపురానికి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం చర్చి గుమ్మం ముందర చెప్పులు విడిచి, వెనకాల మూల ఎక్కడన్నా చోటుందా అని లోపలికి తొంగి చూస్తా ఉన్నాను. ఇంతలో ఎవరో నా వీపు మీద చెయ్యేసి, "ముందుకు జరగాల, ముందుకు జరగాల! లోపలంతా ఖాళీగా ఉండాది, వాకిట్లో నిలబడొద్దు!" అని అరిచినారు. నేను ఉలిక్కిపడి జరిగినాను. నా వెనకాల ఉన్న మా ఆయన జరిగినాడు. మాకు ఏ సంబంధమూ లేని ఇంకో నలుగురు కూడా జరిగినారు. కుదుటపడి చూసుకునేసరికి నేను పాటలు పాడేవాళ్ళ పక్కన, మైకుకు మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాను.

అరిచింది గవర్నమెంటు బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన ఒక అక్క. తిరుపతి నుంచి చిత్తూరుకి పల్లెపల్లెకీ ఆగుతా పోయే బస్సులో ఆమె ఉద్యోగమంతా గడిచింది. బస్సు దిగింది గానీ గొంతు దిగలేదు. చర్చిలో ఎవరు ఏ చాప మీద కూర్చోవాలో, పిల్లోళ్ళను ఎవరు ఒళ్ళో పెట్టుకోవాలో, ఫ్యాను కింద ముసలోళ్ళకు ఎవరు చోటివ్వాలో అంతా ఆమే చెప్పేది. ఆమె ప్రార్థన కూడా బస్సు పోయినట్టే పోయేది. చంద్రగిరిలో జొరంతో ఉన్న పిల్లోడు, పాకాలలో పరీక్షలు రాసే పాప, దారిలో ఏ ఊరినీ విడిచిపెట్టకుండా అందరినీ ఎక్కించుకుని చిత్తూరు చేరినాకే ఆమెన్ అనేది. మైకు ఆమెకు అక్కర్లేదు. ఆమె ప్రార్థన చేసేటప్పుడు మైకు ఆపేయమని మా పాస్టరుగారే సైగ చేసేవారు.

నేను ఆమెకు పూర్తిగా ఎదురు. మాది నగరి. మా నాయన ఇంట్లోనే పవర్‌లూమ్ మగ్గాలు నడిపేవాడు. అవి తిరిగేటప్పుడు మా ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అన్నం తింటావా అనాలన్నా నోటికి చెయ్యి చూపించాల్సిందే. దారం తెగిందని ఒక సైగ, కరెంటు పోతుందేమోనని ఒక సైగ, చుట్టాలొచ్చినారు చొక్కా వేసుకో అని ఒక సైగ. ఆ మోతలోనే నేను ప్రార్థన నేర్చుకున్నాను. మగ్గం పక్కన దారం కండె చుడతా కళ్ళు తెరిచే పెట్టుకుని దేవుడితో ఏమన్నా చెప్పుకునేదాన్ని. గట్టిగా చెప్పుకున్నా వినేవాళ్ళు లేరు. నేనూ దేవుడూ మాట్లాడుకునేటప్పుడు బయటివాళ్ళకు మా నాయన మగ్గాలు తలుపేసినట్టు ఉండేవి.

తిరుపతిలో మా ఇల్లు మేడ మీది వాటా. మా ఆయన ఒక లాడ్జీలో కరెంటు పని చూస్తాడు. పొద్దున పోతే సందేళకు వస్తాడు. నేను ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, ఇక హాయిగా ప్రార్థన చేసుకోవచ్చని అనుకున్నాను. తీరా కూర్చుంటే నా గొంతు నాకే వినపడి సిగ్గేసేది. మనసులో చెప్పుకుందామంటే రెండో మాటకే ఎవరి జాకెట్టుకో హుక్కులు కుట్టలేదని గుర్తొచ్చేది. లేచి హుక్కులు కుట్టేదాన్ని. అట్లా లేచినదాన్ని మళ్ళీ కూర్చోవడం తగ్గిపోయింది. కొన్నాళ్ళకు ప్రభువా అనే మాట తర్వాత ఏమనాలో కూడా తెలీకుండా పోయింది. ఇది ఎవరితో చెప్పుకునే సంగతి కాదు. ఎవరన్నా అడిగితే "నాకు ఒంటరిగా ప్రార్థన చేసుకోవడమే ఇష్టమండీ" అనేదాన్ని. అది వినడానికి చాలా భక్తిగా ఉండేది.

గురువారం మధ్యాహ్నాలు మా చర్చిలో స్త్రీల సహవాసం. వారానికొకరి ఇంట్లో కూర్చుని, వాక్యం చదువుకుని, వరసగా ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేస్తారు. ఆ వరస నా వైపు వస్తా ఉంటే నేను తలుపు వైపు చూసుకునేదాన్ని. నా వంతుకు సరిగ్గా ముందర లేచి మంచినీళ్ళు తాగడానికి పోయేదాన్ని. మా ఇంట్లో జరిగితే మరీ సులువు, కుక్కరు కూత వచ్చిందని వంటింట్లోకి పోవచ్చు. ఒకసారి కుక్కరు పొయ్యి మీద లేకుండానే పోయినాను. తప్పించుకోలేనప్పుడు తలొంచుకుని "ఆమెన్" అని ఊరకుండేదాన్ని. అప్పుడు కండక్టరక్క, "ప్రభువా, ఈ పాప మనసులో ఏమనుకుంటా ఉండాదో అది కూడా నీకే తెలుసు" అని నా టిక్కెట్టు కూడా తనే కొట్టేసేది.

అట్లా ఒక ఏడాది గడిచినాక అక్క గొంతు బొంగురుపోవడం మొదలైంది. మిరియాల పాలన్నారు, వాముతో ఆవిరన్నారు. ఆమె ఒప్పుకోక ఇంకా గట్టిగా మాట్లాడింది. చివరికి పాస్టరుగారి భార్య, మేము అమ్మగారు అంటాము ఆమెను, చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. గొంతులో మాట పుట్టే చోట చిన్న చిన్న కాయల్లాంటివి లేచినాయని డాక్టరమ్మ చెప్పింది. పాటలు పాడేవాళ్ళకూ, పంతుళ్ళకూ వస్తాయంట. చిన్న ఆపరేషను చేసి తీసేసినారు. ఆ తర్వాత నెల రోజులు నోరు తెరవకూడదన్నారు. గుసగుసగా చెప్పుకోవచ్చా అని అక్క సైగతో అడిగితే, గుసగుస ఇంకా చెరుపు, అది కూడా వద్దన్నారంట.

ఆ మాట విని చర్చి మొత్తం దిగులుపడింది. అందరికన్నా ఎక్కువ దిగులుపడింది అక్క భర్త. ఆయన నెమ్మదస్తుడు, బస్సు డిపోలో మెకానిక్కుగా చేసినాడు. ఆదివారం చర్చి ముందర మా ఆయనను పట్టుకుని, "అబ్బా, ఇంట్లో నిశ్శబ్దానికి నాకు నిద్ర పట్టడం లేదప్పా. టీవీ పెట్టుకుని చూస్తిని. దాంట్లోవాళ్ళు నన్ను ఒక్క మాటన్నా అనరే!" అని మొత్తుకున్నాడంట.

ఆ గురువారం సహవాసం అమ్మగారింట్లో. అక్క మెడకు తువ్వాలు చుట్టుకుని వచ్చి కూర్చుంది. అమ్మగారు మా అందరినీ చూసి, "అక్క ప్రార్థన ఈ నెలంతా ఎవరన్నా ఆమె తరఫున చెప్పాల. ఎవరు చెప్తారు?" అని అడిగింది.

వెంటనే ముందుకొచ్చింది మా ఆయమ్మ వదిన. ఆమె ఒక ఆసుపత్రిలో ఆయమ్మగా పనిచేస్తుంది, అందుకని అందరమూ ఆయమ్మ వదినా అంటాము. ఆమె ప్రార్థన చాలా పొడుగు. లోకం పుట్టినకాడ మొదలుపెట్టి, జలప్రళయం దాటించి, ఐగుప్తు దేశానికి తీసుకుపోయి, అక్కడినుంచి నెమ్మదిగా తిరుపతికి తీసుకొస్తుంది. అక్క ఆమె వైపు చూసి చేతులెత్తి దండం పెట్టింది. ఆ తర్వాత వేలు నా వైపు చూపించింది.

"నేనా?" అన్నాను.

అక్క తలూపింది.

"అక్కా, నాకు రాదక్కా. నేను ఒంటరిగా..."

అక్క చేతిసంచిలో చెయ్యి పెట్టి ఒక విజిలు తీసింది. ఉద్యోగంలో వాడిన పాత విజిలు, నల్లబడిన తాడు. నోట్లో పెట్టుకుని రెండుసార్లు ఊదింది. మాకందరికీ అర్థమైంది. ఒకసారి ఊదితే ఆపు, రెండుసార్లు ఊదితే పోనీ. బస్సెక్కిన ప్రతి మనిషికీ తెలిసిన భాషే కదా.

"డాక్టరమ్మ విజిలు ఊదొచ్చన్నిందా?" అని అమ్మగారు అడిగింది.

ఊదొద్దని కూడా అనలేదు కదా అన్నట్టు అక్క రెండు చేతులూ తిప్పింది.

ఇక నా పాట్లు మొదలైనాయి. నేను కళ్ళు మూసుకుని, "ప్రభువా..." అన్నాను. ఒక విజిలు పడింది. కళ్ళు తెరిచి చూస్తే అక్క చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడలేదంది. ఇంకొంచెం గట్టిగా "ప్రభువా!" అన్నాను. రెండు విజిళ్ళు. "అక్కకు స్వస్థత ఇవ్వు" అన్నాను. ఒక విజిలు. అది తర్వాతంట. ముందు చంద్రగిరి. ఆమె చేత్తో అక్కడి కోట గోడ గీసి చూపించింది, నాకు అర్థమైంది. ఆ పైన బొటనవేలు నుదుటి మీద పెట్టింది, జొరం పిల్లోడు. ఆ తర్వాత చెయ్యి గుండ్రంగా తిప్పింది. మా మగ్గాల ఇంట్లో ఆ సైగకు కండె అయిపోయింది అని అర్థం. నేను, "ఆ పిల్లోడికి మందులు అయిపోయినాయి ప్రభువా" అన్నాను. విజిలు, విజిలు, విజిలు! పిల్లోడికి నయమై బడికి తిరుగుతా ఉన్నాడంట, అది స్తుతి చెల్లించాల్సిన సంగతి. అమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతా ఉంది. నేను నవ్వలేక, ఏడవలేక, ఎట్లనో చిత్తూరు దాకా లాక్కొచ్చినాను.

ఆమెన్ అన్నాక చూసుకుంటే అంతసేపు పదిమంది ముందర నేను నోరు తెరిచి మాట్లాడి ఉన్నాను. సిగ్గుపడడానికి తీరిక దొరకలేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. తర్వాతి వంతు ఆయమ్మ వదినది. వదిన లోకం పుట్టించింది, ఓడ కట్టించింది, కరువు తెప్పించింది, ఐగుప్తులో అడుగుపెట్టింది. ఆ రోజు అక్కకు మాత్రలు వేసుకునే వేళ మించిపోతా ఉంది, భర్త బయట స్కూటరు మీద ఎదురుచూస్తా ఉన్నాడు. అక్క చేతిలో విజిలు ఉంది. ఉన్న విజిలు ఊరకుండదు కదా. ఒక్కసారి, పొడుగ్గా ఊదింది.

వదిన ఐగుప్తులోనే ఆగిపోయింది. కళ్ళు తెరిచి అక్కను చూసింది. కొంగు సర్దుకుంది. "నా ప్రార్థన అడ్డమైతే నేను రాకుండా ఉంటాలేమ్మా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మరుసటి గురువారం వదిన రాలేదు. ఆదివారం వచ్చింది గానీ మగవాళ్ళ వైపు తలుపులోంచి వచ్చి, అదే తలుపులోంచి పోయింది. అక్క మొహం చూడలేకపోయినాము. మామూలుగా అయితే ఆమె పరిగెత్తుకుంటా పోయి, "ఏం వదినా, కోపమొచ్చిందా, కొట్టు నన్ను!" అని వీధంతా వినపడేటట్టు అరిచి, నవ్వించి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఉండేది. ఇప్పుడు ఆ దారి మూతపడింది. పంజరంలో పెట్టిన మాదిరి చర్చి వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. చివరికి నా దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. తన గొంతు చూపించింది. నా గొంతు చూపించింది. వదిన ఇల్లుండే దిక్కు చూపించింది.

"నేను చెప్పాలనా? అక్కా, ఇది ప్రార్థన కాదు, తగువు. తగువు నా వల్ల కాదు."

అక్క నా చెయ్యి వదల్లేదు.

ఆ సాయంత్రం షేరాటోలో బయల్దేరినాము. లోపల కొండ మీద గుండు చేయించుకుని దిగివచ్చిన కుటుంబమొకటి ఉంది, చిన్నా పెద్దా అందరికీ చందనం పూసిన గుండ్లే. మేము దిగాల్సిన వీధి వచ్చింది. నేను "ఆపప్పా" అన్నది ఆటో శబ్దంలో డ్రైవరుకు వినపడలేదు. అక్క విజిలు ఊదింది. ఆటో కీచుమని ఆగింది. మా ఆటోనే కాదు, వెనకాల వచ్చే రెండు ఆటోలు, ఎదురుగా వచ్చే ఒక సైకిలూ ఆగినాయి. డ్రైవరు పోలీసనుకుని కంగారుగా కాగితాలు వెతుక్కున్నాడు. గుండ్లన్నీ ఒకేసారి మా వైపు తిరిగినాయి. మేము దిగినాక అక్క రెండుసార్లు ఊదితే గానీ అతడు కదల్లేదు.

వదిన వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు వొలుస్తా ఉంది. మమ్మల్ని చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. చాప మాత్రం కాలితో ఇటు జరిపింది. మేము కూర్చున్నాము. అక్క రెండు చేతులూ జోడించింది. చేతి వేళ్ళు ముడిచి తన నెత్తిన తనే మొట్టుకుంది. ఆ తర్వాత గాల్లో ఏవేవో గీసింది.

నేను గొంతు సవరించుకుని, "వదినా, అక్క ఏమంటా ఉండాదంటే... బుద్ధి తక్కువై ఊదినాను అంటా ఉండాది. ఆ తర్వాత... ఇల్లు... ఇల్లు కట్టే పని ఏదో..." అన్నాను.

అక్క కాదు కాదని తలకొట్టుకుని మళ్ళీ గీసింది.

"నీళ్ళు... నీళ్ళ ట్యాంకు..."

"అది ఓడ!" అని వదిన చిక్కుడుకాయ విసిరికొట్టింది. "నేను ఓడ కాడినుంచి చెప్పే ప్రార్థన ఆమెకు ఇష్టమంట. నువ్వు గమ్మునుండు పాపా. ఆమె చెప్పేది నాకు అర్థమైతా ఉండాది. ఇన్నేళ్ళు ఆ గొంతు విన్నాను, ఇప్పుడు చేతులు చూస్తే తెలీదా?"

ఆ మాట అని వదిన కొంగుతో కళ్ళొత్తుకుంది. అక్క కళ్ళొత్తుకుంది. తగువు తీర్చడానికి వచ్చిన నేను మధ్యలో చిక్కుడుకాయలు ఏరుకుంటా కూర్చున్నాను.

తర్వాత వదిన చేతులు కడుక్కొచ్చి, "సరే. ఆ రోజు ఆపింది యాడ?" అంది.

"ఐగుప్తులో" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుని సరిగ్గా అక్కడినుంచి మొదలుపెట్టింది. సముద్రం దాటించింది. అడవిలో తిప్పింది. పొద్దు వాలింది, దోమలు లేచినాయి. అక్క కదలకుండా, విజిలు ముట్టకుండా మొత్తం విన్నది. నేను కూడా మొదటిసారి వదిన ప్రార్థన చివరిదాకా విన్నాను. చివర్లో అంతా తాను పనిచేసే వార్డులో మనుషులే. ఎవరూ చూడడానికి రాని ఒక ముసలాయన, బిడ్డ దక్కని ఒక తల్లి, అన్నం తిననని మొండికేసే ఒక పిల్ల. ఆ సంగతులు మేమెన్నడూ వినలేదు. ఆమె అక్కడికి చేరుకునే లోపల మేము కునుకు తీసేవాళ్ళమో, మంచినీళ్ళకు లేచేవాళ్ళమో.

వదిన ముగించినాక అక్క నా వైపు తిరిగింది. నేను అక్క తరఫున మొదలుపెట్టినాను. ఊర్లన్నీ అయినాయి, వదిన వార్డును కూడా చేర్చినాను. ఇక అక్కకు చెప్పాల్సినవి అయిపోయినాయి. ఆమెన్ అనబోతా ఉంటే రెండు విజిళ్ళు వినపడినాయి, పిచుక కూసినంత మెల్లగా. కళ్ళు తెరిచినాను. అక్క ఈసారి సైగ ఏదీ చెయ్యలేదు. నా వైపు వేలు చూపించి కళ్ళు మూసుకుంది.

 దొరికిన మాటే అన్నాను. "ప్రభువా, ఈ ఊరికి వచ్చినప్పటినుంచి నీతో మాట్లాడడం నాకు చేతకావడం లేదు. ఒంటరిగా చేసుకుంటానని అందరితో చెప్తా ఉన్నాను. చేసుకోవడం లేదు. మిషను ముందర కూర్చుంటే హుక్కులు గుర్తొస్తాయి. నాకు మళ్ళీ నేర్పించు." అంతకుమించి రాలేదు. ముక్కు కారింది, కొంగుతో తుడుచుకున్నాను.

 ఆమెన్ అనాల్సిన చోట వదిన చిన్నగా, "నాకూ అంతే పాపా" అంది. "నా ప్రార్థన అంత పొడుగెందుకనుకున్నావు? ఆపితే మళ్ళీ మొదలుపెట్టడం రాదేమోనని భయం. ఐగుప్తు, ఓడ అవన్నీ నాకు తెలిసిన దారి. ఆ దారెంబడి పోతా ఉంటే ఎప్పుడో ఒకచోట నిజంగా మాట్లాడడం మొదలైతాది. అందాక నడవాల."

నేను నివ్వెరపోయినాను. ఇంత పొడుగు ప్రార్థన చేసే మనిషికీ, ఒక్క మాట రాని నాకూ ఉన్న కష్టం ఒక్కటేనా? ఆ ఆలోచనతో ఇంటికి వచ్చినాను. మా ఆయనకు చెప్తే, "అవునా? నేను కూడా అంతే. నువ్వు చేసుకుంటావులే అని నేను చేసుకోవడం మానేసినా" అన్నాడు. నాకు కోపమొచ్చింది, ఆ తర్వాత నవ్వొచ్చింది. ఆ రోజు ఇద్దరం కలిసి కూర్చున్నాము. నాలుగు మాటలు చెప్పుకున్నాము. అవి వదిన దారిలో మొదటి మలుపు దాకా కూడా పోవు. అయినా మొదలైనాయి.

ఆ తర్వాత గురువారం సహవాసం మా ఇంట్లో పడింది. మా ఇంటి ఓనర్లు కింద ఉంటారు. వైష్ణవులు, ఆయన దేవస్థానం ఆఫీసులో చేసి రిటైరైనాడు. ఆవిడను మేము మామీ అంటాము. పొద్దున్నే ముగ్గేసి, మడి కట్టుకుని, వీధిలోవాళ్ళ తప్పులన్నీ గమనించే మనిషి. ప్రార్థన మధ్యలో అక్క విజిలు మీద విజిలు ఊదింది. కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు తెరిస్తే మామీ!

 ఇల్లు ఖాళీ చెయ్యమంటారని అనుకున్నాను.

"ఏమ్మా, ఆ గట్టి గొంతావిడ రాలేదా ఈసారి?" అని అడిగారు మామీ.

"వచ్చింది మామీ. గొంతుకు ఆపరేషనైంది, మాట్లాడకూడదంట. అందుకే విజిలు. మీకు ఇబ్బందిగా ఉంటే..."

"అదీ సంగతి! మీ ఇంట్లో కూడిక జరిగినప్పుడల్లా ఆవిడ గొంతు కిందికి వినిపిస్తుంది కదా. మాటలన్నీ వినను గానీ, ఎవరెవరికో జొరమూ, ఎవరెవరికో పరీక్షలూ అని చెవిన పడేది. వాళ్ళకు తగ్గిందా, వీళ్ళు పాసయ్యారా అని నాకూ ఒక ధ్యాస. ఇవాళ ఏమీ వినపడక, ఈ ఈలలేమిటా అని వచ్చాను." గుమ్మంలోంచే లోపలికి తొంగి చూసి, "ఆ పాకాల పిల్ల పాసయిందా?" అన్నారు.

అక్క చెయ్యి పైకెత్తి, ఒక్క వేలు చూపించింది. ఫస్టు క్లాసు!

మామీ మొహం వెలిగిపోయింది. కిందికిపోయి, కాసేపటికి స్టీలు గ్లాసులో పటికబెల్లం వేసిన పాలు వెచ్చగా పట్టుకొచ్చారు. "ఈల ఊదితే గొంతు నరాలు బిగుసుకుంటాయి, డాక్టరును అడిగారా?" అని గదమాయించారు. మరుసటి రోజు అడిగితే డాక్టరమ్మ తల పట్టుకుందంట. విజిలు అమ్మగారి బీరువాలో చేరింది. అక్క చేతికి ఇంకేమీ మిగల్లేదు.

ఆ చివరి వారం అక్క నిజంగా నిశ్శబ్దంగా ఉంది. సహవాసానికి వచ్చింది, మూల కూర్చుంది, కళ్ళు మూసుకుంది. మేము ఆమె తరఫున చెప్పేవి చెప్పినాము. నాకు సైగలు కూడా ఎక్కువ అక్కర్లేకపోయింది. ఊర్లన్నీ నాకు నోటికొచ్చేసినాయి.

డాక్టరమ్మ మాట్లాడొచ్చని చెప్పిన గురువారం వదిన ఇల్లు కిక్కిరిసిపోయింది. అక్క మొదటి మాట ఏమంటుందోనని అందరమూ వదిన పెట్టిన బజ్జీలు చట్నీలో ముంచుకుని తింటా ఎదురుచూసినాము. స్తోత్రమంటుందని అమ్మగారు, పాట ఎత్తుకుంటుందని ఇంకొకరు. అక్క ఒక ముక్క తిని గొంతు సవరించుకుంది, చుట్టూ చూసింది.

"చట్నీలో ఉప్పు లేదు వదినా" అంది.

వచ్చిన గొంతు పాత గొంతు కాదు. సగానికి తగ్గి, కొంచెం గరగరలాడతా ఉంది. ముందు నవ్వినాము, తర్వాత అందరమూ ఏడ్చినాము, ఆ తర్వాత వదిన వంటింట్లోకి పోయి ఉప్పు తెచ్చింది. అమ్మగారు ప్రార్థన చెయ్యమంటే అక్క తల అడ్డంగా ఊపింది. "పాప చేస్తాది. నేను వింటాను" అంది.

ఆ రోజు కలిసి నడుచుకుంటా వస్తా ఉంటే నేను అడిగినాను. "అక్కా, అంతమంది ఉండగా నన్నెందుకు పట్టుకున్నావు?"

"నీకు సైగలు తెలుసు కదా, మగ్గాల ఇంటి పిల్లవి" అంది. నాలుగడుగులు వేసి, "అదొక్కటే కాదులే. నువ్వు మంచినీళ్ళకు లేచినప్పుడల్లా నాకు కడుపు మండేది. ఈ పిల్లకు దప్పికైతే నా దగ్గర బాటిలు ఉండాది, ఈ నడకెందుకు అనుకునేదాన్ని" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "ఒక మాట చెప్తా, నవ్వొద్దు. మొదటి వారం నోరు మూసుకుని దేవుడి ముందర కూర్చుంటే నాకు దడుపొచ్చింది పాపా. లోపల ఏమీ లేదు. అరిచి అరిచి అలవాటైపోయి, అరవకుంటే నేనున్నట్టే లేదు. జనం దిగిపోయినాక డిపోలో బస్సు ఎట్లుంటాది, అట్లుంది. మీరు నా తరఫున చెప్తా ఉంటే వింటా కూర్చున్నాను చూడు, అప్పుడు కొంచెం కొంచెం నిమ్మళమైంది. ఊరకుండడం నాకు నువ్వే నేర్పించినావు."

"నేనెక్కడ నేర్పించినానక్కా? నువ్వే కదా నాకు మాట నేర్పించినావు."

"సరే, లెక్క సరిపోయింది" అని రోడ్డు దాటడానికి నా చెయ్యి పట్టుకుంది. లారీవాణ్ణి ఆపమని పాత అలవాటుగా నోరు తెరిచింది, గొంతు రాలేదు. ఆ లారీ పోయేదాకా ఇద్దరమూ నిలబడినాము.

ఇప్పటికీ గురువారాలు కూడుకుంటాము. వదిన ప్రార్థన ఇంకా పొడుగే, కానీ ఎవరమూ కునుకు తీయము. ఆమె వార్డులోవాళ్ళ కోసం ఎదురుచూస్తాము. మామీ అప్పుడప్పుడు మెట్ల మీద నిలబడి ఎవరికెట్లుందని కనుక్కుంటారు. నా గొంతు ఇంకా చిన్నదే. అయితే నా వంతుకు నేను లేచిపోను.

రోజూ పొద్దున పాలవాడు రాకముందే అక్క నాకు ఫోను చేస్తుంది. ముందు కాసేపు ఇద్దరమూ మాటలతో ప్రార్థన చేసుకుంటాము, ఆ తర్వాత కొంతసేపు ఏమీ మాట్లాడకుండా అట్లే ఫోను చెవిన పెట్టుకుని కూర్చుంటాము. ఆమెకు అది కావాలి. మొదట్లో మా ఆయన దుప్పట్లోంచి తల బయటపెట్టి, "లైను తెగిపోయిందేమో చూడు" అనేవాడు. ఇప్పుడు అతను కూడా లేచి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంటాడు. అవతల అక్క భర్త, మా బావ కూడా అట్లనే కూర్చుంటాడంట, ఒక్కో రోజు.

నిన్న పొద్దున మాటలు అయిపోయి నిశ్శబ్దం మొదలైన కాసేపటికి అటునుంచి సన్నగా గురక వినపడింది. బావది కాదు, అక్కదే. లేపబుద్ధి కాలేదు. ఆమె చెప్పాల్సిన ఊర్లు కూడా నేనే చెప్పి ముగించి, ఫోను మెల్లగా పెట్టేసి, పాలగిన్నె పట్టుకుని కిందికి దిగినాను.